పశువుల సాలలోని రైలు పొయ్యి

కోస్తా జిల్లాల్లోని మన సంఘాల వారికి చలి అంటే, క్రిస్మసు ముందు రాత్రులు పాటలు పాడుతూ ఇల్లిల్లూ తిరిగేటప్పుడు చెవులకు చుట్టుకొనే మఫ్లరు. నాకూ అంతే తెలుసు. సముద్రపు గాలి తగిలే ఊళ్ళో పుట్టి పెరిగినవాడిని. ఎనిమిదేళ్ళ క్రితం అరకు కొండల మీది సంఘానికి వచ్చేటప్పుడు మా సామానులో నాలుగు దుప్పట్లున్నాయి, నాలుగూ పలుచటివే. మొదటి డిసెంబరులోనే ఒక రాత్రి నా భార్య కిటికీ పరదా ఊడదీసి పిల్లల మీద కప్పింది. తెల్లవారి చూస్తే పెరట్లో గడ్డి మీద ఉప్పు చల్లినట్టు మంచు.

ఈ కొండల్లో డిసెంబరు, జనవరి నెలల్లో రాత్రిపూట 10 డిగ్రీల దిగువకు పోవడం మామూలే. చింతపల్లి వైపునున్న లంబసింగిలో సున్నా దగ్గరకు దిగిన రోజులూ ఉన్నాయి. సిమ్లా వారు వింటే నవ్వుకుంటారేమో. కాని వారి ఇళ్ళు చలిని చూసుకొని కట్టినవి. మా ఇళ్ళు వానను, ఎండను చూసుకొని కట్టినవి. పైన రేకులు, రేకుకూ గోడకూ మధ్య జానెడు సందు. రాత్రి పది దాటితే ఆ రేకే చలిని క్రిందికి దింపుతుంది.

అందుకని ఇక్కడ ప్రతి ఇంటికీ మంట ఉండాలి. మంటకు మన తెలుగులో మాటలకు తక్కువ లేదు. ఆరుబయట నలుగురూ కూర్చుంటే చలిమంట, పెద్ద దుంగలు వేసి రాత్రంతా ఉంచితే నెగడు, బొగ్గులు పోసి గదిలోకి తెచ్చుకొంటే కుంపటి. కాని గదిలో ఒక ప్రక్క నిలబెట్టి, పొగను గొట్టం గుండా పైకి పంపి, గదిని మాత్రం వెచ్చగా ఉంచే ఇనుప పొయ్యికి మన దగ్గర మాట లేదు. అవసరం రాలేదు గనుక లేదు. కాశ్మీరు, హిమాచల్ వైపు రేకుతో చేసిన అటువంటి దానిని బుఖారీ అంటారు. మా ఊరివాళ్ళు మాత్రం దానిని రైలు పొయ్యి అన్నారు. ఎందుకన్నారో తెలియాలంటే ముందు రైలు సంగతి చెప్పాలి.

ఇటువైపు రావాలనుకొనే చదువరులు బస్సు మాని రైల్లో రండి. విశాఖపట్నంలో ఉదయం కిరండూలు వెళ్ళే పాసింజరు ఎక్కితే కొత్తవలస, శృంగవరపుకోట దాకా అన్నీ మనకు తెలిసిన పొలాలే. బొడ్డవర దాటాక ఇంజను గొంతు మారుతుంది. అక్కడ నుండి కొండెక్కడమే. త్యాడ, చిమిడిపల్లి, బొర్రా గుహలు, కరకవలస. ఈ దారి మొత్తం మీద 58 సొరంగాలున్నాయని చెబుతారు. ప్రతి సొరంగంలోనూ పెట్టెలోని పిల్లలందరూ ఒక్కసారే అరుస్తారు, పెద్దవాళ్ళలో కూడా కొందరు అరుస్తారు. 2017 నుండి అద్దాల కప్పుతో విస్టాడోం పెట్టెలు కూడా వచ్చాయి. నేను మాత్రం మామూలు పెట్టెలోనే వస్తాను, కిటికీ తెరుచుకొంటుంది గనుక. శిమిలిగూడ స్టేషను బోర్డు మీద ఎత్తు 996 మీటర్లని ఉంటుంది. కాశ్మీరులో రైలు పడక ముందు, దేశంలోని బ్రాడ్‌గేజి స్టేషన్లలో అదే అన్నిటికంటె ఎత్తైనదని చెప్పుకొనేవారు. అది దాటి అరకు వైపు దిగుతుంటే, నవంబరు డిసెంబరుల్లో అయితే వలిసె పూలతో లోయంతా పసుపు పూసినట్టుంటుంది. వాలులో సిల్వరు ఓక్ చెట్లు, వాటి మీదికి ప్రాకిన మిరియపు తీగలు, వాటి నీడన కాఫీ.

ఇంత అందమైన దారి మనుషుల కోసం వేసినది కాదు. 1960లలో బైలదిల్లా కొండల ఇనుప రాయిని విశాఖ రేవుకు దింపి జపానుకు ఎగుమతి చేయడానికి వేసినది. మన పాసింజరు ఏ స్టేషనులోనో పక్కకు తప్పుకొని ఆగితే, ఎదురుగా ఆ రాయితో నిండిన వ్యాగన్లు ఒకటి వెనుక ఒకటి దిగిపోతూ ఉంటాయి. పట్టాల వెంబడి, స్టేషను అరుగుల మీద, ఆకుల మీద కూడా ఎర్రని పొడి. మొదటిసారి వచ్చినప్పుడు నా తెల్ల చొక్కా చేతులకు అంటిన ఆ ఎరుపు రెండు ఉతుకులకు గాని పోలేదు.

ఇక అసలు సంగతి. రెండేళ్ళ క్రితము క్రిస్మసుకు ముందు వచ్చిన శనివారము. ఆదివారపు ఆరాధనకు దూరపు గూడేల వాళ్ళు ముందు రోజు సాయంత్రమే నడిచి వచ్చి మా మందిరములో పడుకొంటారు. ఆ రాత్రి చలి మరీ ఎక్కువగా ఉంది. ఒక ముసలమ్మ, ఆమె మనుమలు ఇద్దరు మందిరానికి ఆనుకొన్న చిన్న గదిలో పడుకొన్నారు. పిల్లలు వణుకుతున్నారని నేనే మా ఇంట్లోని కుంపటి నిండా బొగ్గులు రాజేసి తెచ్చి పెట్టాను. గాలి రాకుండా తలుపు క్రింద గోనెసంచి దూర్చింది కూడా నేనే. పొగ లేదు కదా, బొగ్గులు కణకణలాడుతున్నాయి కదా అని నిశ్చింతగా వెళ్ళి నిద్రపోయాను.

తెల్లవారుజామున పెద్ద మనుమడు తల నొప్పి అని ఏడుస్తూ తలుపు దాకా ప్రాకి వచ్చి వాంతి చేసుకొన్నాడు. వాడు ఆ తలుపు తీయకపోతే ఏమి జరిగేదో నేను ఇప్పటికీ పూర్తిగా ఆలోచించలేను. మిగతా ఇద్దరినీ పిలిస్తే పలకలేదు. మోసుకొని ఆరుబయట మంచులోకి తెచ్చి పడుకోబెట్టాము. చాలాసేపటికి ముసలమ్మ కళ్ళు తెరిచి, నన్ను చూసి, తెల్లారిపోయిందా అయ్యగారూ అని అడిగింది. జీపు మాట్లాడి ఆసుపత్రికి తీసుకొని వెళితే ఆక్సిజన్ పెట్టారు. సాయంత్రానికి ముగ్గురూ తేరుకొన్నారు.

డాక్టరుగారు నాకు విడమర్చి చెప్పారు, నేను మీకు చెబుతున్నాను. మూసిన గదిలో బొగ్గు కాలేటప్పుడు గాలి చాలక కార్బన్ మోనాక్సైడ్ అనే వాయువు పుడుతుంది. దానికి రంగు లేదు, వాసన లేదు. మన రక్తము ప్రాణవాయువును పట్టుకొనే చోటనే ఇది రెండు వందల రెట్లకు పైగా గట్టిగా అతుక్కొంటుంది. మెలకువగా ఉన్నవాడికి తలనొప్పి, వాంతి వస్తాయి. నిద్రలో ఉన్నవాడికి నిద్ర ఇంకా గాఢమవుతుంది, అంతే. పొగ వచ్చే కట్టెల మంట అయితే దగ్గు వచ్చి లేస్తాము. పొగలేని కుంపటి ఆ మాత్రము హెచ్చరిక కూడా చేయదు. యెహోయాకీము రాజు శీతకాలపు ఇంట్లో కుంపటి ముందు కూర్చొని గ్రంథపు చుట్టను కోసి అందులో వేసిన సంగతి చదివినప్పుడల్లా నేను ఆ రాజు గర్వాన్నే చూసేవాడిని. ఇప్పుడు ఆ గదికి కిటికీలు ఉన్నాయా అని కూడా ఆలోచన వస్తుంది.

ఆ తరువాత వారము మా సంఘ పెద్ద ఒకాయన ఇంటికి వెళ్ళినప్పుడు, పశువుల సాలలో ఒక మూల నడుమెత్తు నల్లని వస్తువు కనబడింది. నలుపు అనడం కూడా తప్పు, ఎర్రగా తుప్పు పొరలు లేచి ఉంది. కడుపు ఉబ్బిన కూజాలాగా ఉండి, మూడు కాళ్ళలో ఒకటి విరిగి, దాని క్రింద రాయి పెట్టి ఉంది. లోపల కోడి పొదుగుతోంది. రైలు దారి వేసే రోజుల్లో దగ్గరలో ఒక క్యాంపు ఉండేదట. పని అయిపోయి క్యాంపు ఎత్తేసినప్పుడు వీళ్ళ నాన్న నాలుగు రోజుల కూలికి బదులు దీనిని అడిగి మోయించుకొని వచ్చాడట. గొట్టము రాలేదు. గొట్టము లేని పొయ్యి ఇల్లంతా పొగ చేస్తుంది గనుక అదే ఏడు అది సాలలోకి పోయింది. అప్పటి నుండి రైలు పొయ్యి అంటే కోళ్ళ గూడు.

నేను దానిని మందిరపు గదికి ఇమ్మని అడిగాను. ఆయన సరేనన్నాడు గాని సంఘ కమిటీలో పెద్ద చర్చే జరిగింది. ఎక్కువగా ఎదురు చెప్పినది ఎవరో కాదు, ఆ ముసలమ్మ కొడుకు. “పాత ఇనుంకి కిలో ముప్పై ఇత్తన్నారు. తొంభై కిలోలుంటాది. రెండు వేల ఏడొందలు. తొమ్మిది దుప్పట్లు వత్తాయి. మా అమ్మకి దుప్పటి కావాలయ్యగారూ, తుప్పు కాదు” అన్నాడు. ఆ లెక్కలో తప్పు లేదు. నా దగ్గర ఎదురు లెక్క కూడా లేదు. దుప్పటి ఒకరిని కప్పుతుంది, పొయ్యి గదిని కప్పుతుంది అని ఏదో అన్నాను. అది ప్రసంగములో బాగుంటుంది గాని కమిటీలో చెల్లదు. చివరకు ఖర్చులో సగము నేను పెట్టుకొంటానన్న మీదట ఒప్పుకొన్నారు. కోడి పిల్లలు దిగేదాకా రెండు వారాలు ఆగమని ఆ ఇంటి అమ్మగారు షరతు పెట్టారు. ఆగాము.

మా ప్రాంతములో కమ్మర్లు కూడా గిరిజనులే. షెడ్యూల్డు తెగల జాబితాలో కమ్మర అనే పేరు విడిగా ఉన్నది. నాగలి కర్రులు, గొడ్డళ్ళు, కొడవళ్ళు చేస్తారు, సంతకు తెచ్చి అమ్ముతారు. డెబ్బై దాటిన ఒక తాత మా ఊరికి దగ్గరలో ఉన్నాడు. సంఘస్థుడు కాడు. ఆయన కొలిమికి తోలు తిత్తులు పోయి చేతితో త్రిప్పే చక్రము వచ్చింది, అంతకు మించి ఏమీ మారలేదు. నలుగురు కుర్రాళ్ళు వెదురు బొంగుకు కట్టి పొయ్యిని మోసుకొని వెళితే, ఆయన దాని చుట్టూ ఒకసారి తిరిగి, చిన్న సుత్తితో అక్కడక్కడా తట్టి విన్నాడు. గట్టి చోట కంచు గంటలాగ మ్రోగింది. పగులున్న చోట పెంకు మోగినట్టు మోగింది.

“ఇది మా ఇనుం కాదయ్యగారూ. మా ఇనుం కాలిత్తే వంగుద్ది. ఇది వంగదు, ఇరుగుద్ది” అన్నాడు.

తాత చెప్పినది పాఠ్యపుస్తకములో ఉన్న సంగతే. కమ్మరి సాగగొట్టేది వేరు, అచ్చులో పోసేది వేరు. పోత ఇనుములో నూటికి 2 నుండి 4 వంతుల దాకా కార్బన్ ఉంటుంది. అందువల్ల శుద్ధమైన ఇనుము కరగడానికి 1538 డిగ్రీలు కావలసి ఉండగా ఇది సుమారు 1200 డిగ్రీలకే కరిగి అచ్చులోకి నీళ్ళలాగ పారుతుంది, పువ్వులు, అక్షరాలు ఏవి కావాలంటే అవి తేలుతాయి. వేడిని చాలాసేపు పట్టి ఉంచుతుంది. మంట ఆరిన తరువాత కూడా గంటల తరబడి గది వెచ్చగా ఉండేది అందుకే. కాని పెళుసు. సమ్మెట దెబ్బకు సాగదు, పగులుతుంది.

మొదటి పని తుప్పు వదిలించడము. వైరు బ్రష్షులు తెచ్చి యౌవనస్థులకు ఇచ్చాను. ముక్కుకు గుడ్డ కట్టుకొని రెండు శనివారాలు రుద్దారు. క్రింద పరచిన పాత ఫ్లెక్సీ మీద ఎర్రని పొడి కుప్పపడింది. వారిలో ఒక అబ్బాయి తండ్రి రైలు పట్టాల మీద గ్యాంగుమను. ఆ అబ్బాయి పొడిని అరచేతిలోకి తీసుకొని, “అయ్యగారూ, ఇది బైలదిల్లా మట్టే” అన్నాడు. నవ్వబోయాను గాని వాడు అన్నది దాదాపు నిజము. వ్యాగన్లలో పోయే హెమటైటు అంటే ఇనుము, ఆక్సిజన్ కలిసిన పదార్థము. తుప్పు కూడా ఇనుము, ఆక్సిజనే, దానికి కొంచెము తేమ తోడు. ఆ రాయిని బట్టీలో బొగ్గుతో కాల్చి ఆక్సిజనును విడగొట్టితే ఇనుమవుతుంది. ఆ ఇనుమును తడిలో వదిలేస్తే తిరిగి ఎర్రమట్టి అవుతుంది. ఎక్కడో ఏ కొండ రాయో పొయ్యిగా మారి, ఇక్కడి పశువుల సాలలో అరవై ఏళ్ళుగా మెల్లగా మళ్ళీ రాయి అవుతోందన్న మాట. ఆ రోజు నుండి వ్యాగన్లు చూస్తే నాకు వేరుగా కనబడుతున్నాయి.

తలుపు, బూడిద సొరుగు వంటి చిన్న ముక్కలను స్త్రీల సమాజము వారు తీసుకొన్నారు. చింతపండు గుజ్జు పట్టించి రాత్రంతా ఉంచి కొబ్బరి పీచుతో తోమారు. చింతపండులోని పులుపు తుప్పును కరిగిస్తుంది. అయితే కడిగిన వెంటనే ఎండలో పెట్టి నూనె పూయకపోతే గంటలో మళ్ళీ ఎర్రబడుతుంది. అది ఒకసారి జరిగిన తరువాతనే మాకు తెలిసింది. తోమగా తలుపు మీద ఒక తీగ, దానికి గుత్తులు బయటపడ్డాయి. ద్రాక్ష అని మేము అన్నాము, మిరియాలు అని పిల్లలు అన్నారు.

ఇక్కడ ఒక ముచ్చట. ఐరోపాలో పూర్వము ఇటువంటి పొయ్యిల ఇనుప పలకల మీద బైబిలు కథలను అచ్చుపోసేవారు. జర్మనీ నుండి పెన్సిల్వేనియా వెళ్ళి స్థిరపడినవారు కూడా 1700ల్లో ఆదాము హవ్వలను, కయీను హేబెలును, కానా పెండ్లిని పొయ్యి పలకల మీద పోతపోశారు. హెన్రీ మెర్సర్ అనే ఆయన పాత సామాన్ల కొట్లు గాలించి ఆ పలకలు పోగుచేసి, 1914లో వాటి గురించి పుస్తకము వేశాడు. దాని పేరుకు అర్థము ఇనుములో బైబిలు అని. చదువు రాని పిల్లలు చలికాలమంతా ఆ బొమ్మల ముందు కూర్చొని కథలు నేర్చుకొనేవారేమో అనుకొంటే నాకు సంతోషంగా ఉంటుంది. మాకు ద్రాక్షగుత్తులే దక్కాయి.

తలుపు అంచు గాడిలో బూడిదరంగు త్రాడు ఒకటి ఉంది, గాలి చొరకుండా పెట్టినది. దాని జోలికి ఎవరినీ పోనివ్వలేదు. ఆ కాలపు త్రాళ్ళు ఎక్కువగా ఆస్బెస్టాసువి. పొడిగా గీకితే కంటికి కనబడని నూగు ఊపిరితిత్తుల్లో చేరి, ఏళ్ళ తరువాత ప్రాణాంతకమైన జబ్బులు తెస్తుంది. బాగా తడిపి, చేతికి తొడుగు వేసుకొని ఊడదీసి, రెండు ప్లాస్టిక్ కవర్లలో కట్టి, ఎవరూ త్రవ్వని చోట లోతుగా పాతిపెట్టాను. పాత పొయ్యి, పాత బాయిలరు ఎవరి ఇంట్లో ఉన్నా ఈ ఒక్క జాగ్రత్త మరువకండి. కొత్త త్రాడు గాజు నారతో చేసినది విశాఖలో దొరికింది.

బోల్టులు మొత్తం పదకొండు. తుప్పు తాను పుట్టిన ఇనుము కంటె ఎన్నో రెట్లు చోటు ఆక్రమిస్తుంది గనుక మరలో బోల్టు బిగుసుకొనిపోతుంది. కిరసనాయిలు దొరక్క డీజిలు పోసి నాలుగు రోజులు నానబెట్టాము. ఏడు వచ్చాయి. నాలుగు రాలేదు. నెమ్మదిగా వేడి చేసి, తట్టి, చల్లారనిచ్చి, మళ్ళీ తట్టాలన్నాడు తాత. ఆ మరునాడు ఆయన సంతకు వెళ్ళాడు. నాకు ఓపిక లేదు. వేడిచేసి నీళ్ళు పోస్తే మర ముడుచుకొని వదులుతుందని ఎవరో చెప్పగా విన్నాను. పొయ్యి లోపల ఎండుగడ్డి, చితుకులు వేసి మండించి, బోల్టు దగ్గర చేయి పెట్టలేనంత వేడెక్కాక బకెట్టెడు చన్నీళ్ళు కొట్టాను.

టప్పుమని ఒక్క చప్పుడు. బోల్టు కదలలేదు. దాని ప్రక్కనుంచి జానెడు పగులు, సన్నని వెంట్రుకలాగ.

మరునాడు తాత వచ్చి బొటనవేలితో ఆ పగులు మీద ఈ చివర నుండి ఆ చివరకు రాశాడు. “నీళ్ళు పోసారా?” అని అడిగాడు. పోశానన్నాను. ఇంకేమీ అనలేదు. తిట్టి ఉంటే నాకు తేలికగా ఉండేది. ఆ రోజంతా చక్రము నేనే త్రిప్పాను.

పోత ఇనుమును అతకడము కష్టమైన పని. అరకులో వెల్డింగు షాపు కుర్రాడు నికెలు రాడ్లుండాలి, ముక్కంతా ముందు వేడెక్కించాలి, అతికాక చాలాసేపు మెల్లగా చల్లార్చాలి, అయినా గ్యారంటీ ఇవ్వలేనని నిజాయితీగా చెప్పాడు. తాత పాత పద్ధతిలో కుట్టాడు. ముందు పగులు రెండు కొసల్లోనూ సన్నని రంధ్రము వేయించాడు. కొసకు గుండ్రని రంధ్రముంటే పగులు ఇక ముందుకు ప్రాకదు. తరువాత ఒక ఇనుప పట్టీని కొలిమిలో కాల్చి, దాగలి మీద పొయ్యి కడుపు వంపుకు సరిగ్గా వంచి, నాలుగు బోల్టులతో బిగించాడు. పట్టీకున్న రంధ్రాలను కొంచెము కోలగా చేశాడు. ఎందుకని అడిగితే, “అదీ ఊపిరి పీలుత్తాది కదండీ” అన్నాడు. వేడికి ఇనుము సాగుతుంది, సాగడానికి చోటివ్వాలి. సందుల్లో కొలిమి సిమెంటు నింపాము. అది అయిపోయిన చోట పుట్టమన్ను, బూడిద కలిపి మెత్తాడు. నా తొందరపాటు గుర్తుగా ఆ పట్టీ పొయ్యికి ఎడమ ప్రక్కన ఉన్నది. చూడవచ్చినవారు అది మొదటినుంచీ ఉన్న నగిషీ అనుకొంటారు.

మిగతావి త్వరగా చెబుతాను. లోపల అగ్ని ఇటుకలు పేర్చాము. యౌవనస్థులు గేటుకు వేసే వెండి రంగు తెచ్చారు గాని అది వేడికి కాలి కంపు కొట్టి, ఆ పొగ మంచిది కాదని, మోటారు సైకిలు సైలెన్సరుకు వేసే నల్ల రంగు, 600 డిగ్రీలు తట్టుకొనేది వేశాము. తలుపు కిటికీలో ఒకప్పుడు అభ్రకపు పలక ఉండేది. మన గూడూరు అభ్రకానికి ప్రసిద్ధి, కాని నాకు కావలసిన అరచేతి ముక్క విశాఖలో ఇస్త్రీ పెట్టెలు బాగుచేసే కొట్టులో దొరికింది. గొట్టానికి చౌక అని జింకు పూత రేకు కొనబోతే కొట్టువాడే వద్దన్నాడు, ఎక్కువ వేడి తగిలితే జింకు ఆవిరి వస్తుందని. ఆయన లాభము పోగొట్టుకొని నిజము చెప్పాడు. నల్ల రేకుతో చేయించాము. కప్పు రేకుల దగ్గర గొట్టము చుట్టూ జానెడు వెడల్పు పళ్ళెము పెట్టాము. పొయ్యి క్రింద నల్లరాయి, చెక్క తలుపుకు మూడడుగుల ఎడము. గడ్డి ఇంట్లో ఇటువంటి పొయ్యి పెట్టాలని ఎవరైనా అనుకొంటే దయచేసి ఆ ఆలోచన మానండి.

మొత్తం 6,850 రూపాయలైంది. ముసలమ్మ కొడుకు కమిటీలో లెక్క చదివి, ఇరవై రెండు దుప్పట్లు అని మెల్లగా అన్నాడు.

క్రొత్త పొయ్యిలాగ మొదటిరోజే మండించకూడదు. చితుకులతో చిన్న మంట, చల్లారాక ఇంకొంచెము పెద్దది, మూడవనాడు అసలు మంట. రెండు రోజులూ బాగానే జరిగింది. మూడవనాడు గాలికొండ వైపు నుండి గాలి లేచి పొగంతా వెనక్కు త్రోసి గదిలో నింపింది. అందరము కళ్ళు తుడుచుకొంటూ బయటకు వచ్చాము. గొట్టము కప్పు వాలు మీద జానెడే పైకి ఉన్నది. కప్పు మీదుగా దిగే గాలి దానిలోకే దూరుతోంది. కప్పు నడి శిఖరము కంటె రెండడుగులు ఎత్తుకు పెంచి, పైన టోపీ రేకు పెట్టాక ఆగిపోయింది. ఇప్పుడు రాజేసే ముందు కొవ్వొత్తి వెలిగించి తలుపు దగ్గర పట్టుకొంటాను. జ్వాల లోపలికి వంగితే గాలి సరిగా లాగుతోందని అర్థము, అప్పుడే నిప్పు పెడతాను. గొట్టమున్నది గదా అని ధీమా కూడా పనికిరాదు. నిప్పు కణాలు ఎర్రగా ఉన్నంతవరకు గొట్టములోని గాలి తలుపు పూర్తిగా మూయము, గది కిటికీ రెండు వ్రేళ్ళ సందు తెరచే ఉంచుతాము. గోనెసంచి ఆ గదిలోకి ఇక రాదు.

కాఫీ తోటల్లో కొమ్మలు నరికినప్పుడు వచ్చే పుల్లలు, సిల్వరు ఓక్ కొమ్మలు కట్టెలకు సరిపోతున్నాయి. ఏడాది ఎండినవైతే పొగ తక్కువ, గొట్టములో మసి తక్కువ. రాత్రి పదింటికి రెండు దుంగలు వేస్తే తెల్లవారుజామున కూడా ఇనుము చేతికి గోరువెచ్చగా తగులుతుంది.

అయితే ఇది ప్రతి ఇంటికీ రావాలని నేను అనను. మొన్న జనవరిలో ఆ ముసలమ్మ మళ్ళీ వచ్చింది. ఆ గదిలోనే పడుకొంటానంది, నాకే భయము వేసింది గాని ఆమెకు లేదు. పొయ్యిని ఎగాదిగా చూసి, “మరి పొగ లేకపోతే పొత్తులకి పురుగట్టదా బాబూ?” అని అడిగింది. ఆమె ఇంట్లో పొయ్యి మీద అటక ఉంటుంది. మొక్కజొన్న పొత్తులు, చోళ్ళు, విత్తనపు సొరకాయలు దాని మీదే ఉంటాయి. ఏడాది పొడుగునా తగిలే పొగ వాటిని పురుగు నుండి కాస్తుంది, కప్పు గడ్డిని కూడా కాస్తుంది. ఆ పొగే ఆమె కళ్ళను, ఊపిరిని తినేసింది కూడా. రెండూ నిజమే. ఆమె ఇంటి పొయ్యిని తీసివేయమని చెప్పడానికి నాకు నోరు రాలేదు. గోడలో పైన ఒక కన్నము పెట్టించుకోమని మాత్రము ఆమె కొడుకుతో చెప్పాను.

ఆ రాత్రి ఆమెకున్న ఇబ్బంది ఒక్కటే, మంట కనబడటము లేదని. మనుమలను పిలిచి అభ్రకపు కిటికీ దగ్గర కూర్చోబెట్టుకొంది. చిన్నవాడు ముక్కు దాదాపు ఆనించి చూస్తుంటే వెనక్కు లాగింది. కొడుకు కూడా వచ్చి, ఏమీ మాట్లాడకుండా రెండు చేతులూ పట్టీ ఉన్న వైపు చాపి చాలాసేపు నిలుచున్నాడు. దుప్పట్ల మాట ఎత్తలేదు. మైదానపు సంఘము ఒకటి దుప్పట్లు పంపుతామని వ్రాసింది. అవి వచ్చినప్పుడు మొదటిది ఎవరికివ్వాలో నాకు తెలుసు.

క్రిందటి గాలివానకు గొట్టము మీది టోపీ రేకు ఎగిరి కాఫీ తోటలో పడింది. విరిగిన కాలి క్రింద ఇంకా రాయే ఉన్నది. తాతకు కబురు పంపాను. వచ్చే సంత నాటికి రెండూ చేసి తెస్తాననీ, ఈలోగా నన్ను దేనినీ ముట్టుకోవద్దనీ చెప్పి పంపాడు.